మగ్గం ఆపకుండా ఫోటో తీయడం ఎలా?

ప్రశ్న: మాది నల్లగొండ దగ్గర ఒక పల్లె. హైదరాబాద్‌లో ఫోటోగ్రఫీ చదువుతున్నాను. ఈ సెమిస్టర్‌లో పనిలో ఉన్న మనుషులను ఫిల్మ్ కెమెరాతో, నలుపు తెలుపులో తీసి ప్రింట్లు చూపించాలి. మా మామ దగ్గరున్న పాత కెమెరా, 50 ఎంఎం లెన్స్ పట్టుకుని గట్టుప్పల్ వైపు ఒక నేతన్న ఇంటికి వెళ్లాను. కెమెరా ఎత్తగానే ఆ పెద్దాయన మగ్గం ఆపి, లోపలికి పోయి ముఖం కడుక్కుని, చొక్కా తొడుక్కుని వచ్చి నిటారుగా కూర్చున్నాడు. పని చేస్తూ ఉండమంటే నటించినట్టు చేశాడు. రెండోసారి వెళ్తే, “నా ఫోటో తీస్కపోయి ఏం జేస్తవ్ బిడ్డా, నాకేమొస్తది?” అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. పైగా ఆ రోల్‌లో సగానికి పైగా ఫ్రేములు చీకటిగా వచ్చాయి. తాటి చెట్టు దిగిన గౌడన్నను ఫోటో కోసం ఇంకోసారి ఎక్కమని అడిగితే, నాతో వచ్చిన స్నేహితుడు అది తప్పన్నాడు. అనుమతి ముందే అడగాలా, తీశాక అడగాలా? డబ్బులు ఇవ్వాలా? ఇంత ఖర్చుతో ఫిల్మ్ మీదే తీయాలా, డిజిటల్‌కు మారిపోనా? — పేరు రాయవద్దని కోరిన విద్యార్థి, నల్లగొండ జిల్లా

సమాధానం: మీరు విఫలమైన సందర్భంగా రాసిన ఆ చొక్కా సంగతితోనే మొదలుపెడతాను. ఆ పెద్దాయన మీకు సహకరించలేదని మీరు అనుకుంటున్నారు. నిజానికి ఆయన తనకు తెలిసిన పద్ధతిలో పూర్తిగా సహకరించాడు. మన పల్లెల్లో ఆయన వయసు వాళ్లకు ఫోటో దిగడమంటే బస్సెక్కి పట్నానికి పోయి, స్టూడియోలో రంగుల పరదా ముందు కుర్చీలో చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, ఫోటోగ్రాఫరు చెప్పినంతసేపు కదలకుండా కూర్చోవడమే. ఆ ఇంటి గోడ మీద తప్పకుండా అలాంటి ఫోటోలు రెండు మూడు ఉండి ఉంటాయి, చూశారో లేదో. చెమట బనీనుతో, నెరిసిన గడ్డంతో, గుంటలో కాళ్లు పెట్టుకుని ఉన్న తన రూపం కాగితం మీదికి ఎక్కి ఎవరి చేతుల్లోకో పోతుందంటే ఆయన చొక్కా వెతుక్కోవడం న్యాయమే. తన ఫోటో ఎలా ఉండాలో ఆయనకు ఒక అభిప్రాయం ఉంది. మీరు దాన్ని తోసిపుచ్చి వెంటనే మరో ఫోటో అడిగారు. అందుకే రెండోది నటనగా మారింది.

కాబట్టి ఆయన కోరుకున్న ఫోటోను ముందు తీయండి. దాన్ని మొక్కుబడిగా తీయకండి. తలుపు దగ్గరి వెలుతురులోకి కుర్చీ వేయించండి, ఆయన కళ్ల ఎత్తుకు కెమెరా దించండి, ఇంట్లో ఆమె కూడా దిగుతానంటే పక్కన కూర్చోబెట్టండి, రెండు ఫ్రేములు శ్రద్ధగా తీయండి. ఆ ఫోటో ఆయనది. మీ సెమిస్టర్‌కు అది పనికి రాకపోవచ్చు, కానీ దాని ప్రింటు ఆ ఇంటికి చేరిన తర్వాత మీరు తీయబోయే పని ఫోటోకు ఆయన చొక్కా తొడుక్కోవాల్సిన అవసరం ఉండదు. చాలామంది విద్యార్థులు 36 ఫ్రేముల్లో రెండు పోతాయని ఇక్కడే పిసినారితనం చూపిస్తారు, ఆ తర్వాత మిగిలిన 34 ఫ్రేములూ బిగుసుకుపోయిన ముఖాల మీద ఖర్చు చేస్తారు.

“నాకేమొస్తది?” అన్న ప్రశ్నలో కోపం లేదు, లెక్క ఉంది. నూలిచ్చి కూలికి నేయించుకునే మాస్టర్ వీవర్ దగ్గర నేసే వారికి కూలి చీరల లెక్కన వస్తుంది కానీ గంటల లెక్కన రాదు. మీ కోసం మగ్గం ఎంతసేపు ఆగితే అంత పని వెనకబడుతుంది. దీనికి జవాబు నిజాయతీగా, చిన్నగా ఉండాలి: నేను చదువుకుంటున్నాను, ఈ ఫోటోలకు నాకు మార్కులు వస్తాయి, మీకు మీ ఫోటో ప్రింటు తెచ్చి చేతికిస్తాను, అంతకు మించి నా వల్ల అయ్యేదేమీ లేదు. మీ కళను ప్రపంచానికి చూపిస్తాననీ, ప్రభుత్వం దృష్టికి తీసుకుపోతాననీ అనవద్దు. అలాంటి మాటలు చెప్పి ఫోటోలు తీసుకుపోయిన వాళ్లను నేత ఊళ్లు చాలామందినే చూశాయి. భూదాన్ పోచంపల్లినైతే 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసింది. అక్కడి మగ్గాల ముందు కెమెరాలు కొత్త కాదు, కాబట్టి మీరు గడపలో నిలబడగానే ఫోటోకు తగ్గట్టు చేయి ఎత్తి పట్టుకునే అలవాటు కూడా ఉండవచ్చు. మీరు గట్టుప్పల్ వైపు వెళ్లడం ఒక రకంగా మంచిదే అయింది.

డబ్బుల విషయంలో నా అభిప్రాయం స్పష్టం. ఫోటోకు వెల కట్టి ఇవ్వకండి, ఎందుకంటే ఆ నోటు చేతులు మారిన క్షణం నుంచి ఆయన మీకోసం పని చేయడం మొదలుపెడతాడు, మీకు కావాల్సింది ఆయన తన పని చేసుకోవడం. అయితే మీ వల్ల పని నిజంగా ఆగిపోతే, ఉదాహరణకు మగ్గాన్ని చాలాసేపు ఆపించినా, రంగు వేసేవారిని రెండు గంటలు ఆపినా, ఆ సమయానికి కూలి లెక్క కట్టి అందరి ముందూ ఇవ్వండి. వెళ్లేటప్పుడు చాయ్‌పత్తి, చక్కెర పట్టుకుపోవడం ఇందులోకి రాదు, ఒకరి ఇంటికి పోతూ ఎవరైనా చేసే పని అది.

ఇక అసలు విషయం. పనిలో ఉన్న మనిషిని తీయాలంటే ఆ పని మీకు తెలియాలి, కనీసం దాని వరుస తెలియాలి. మీ ఉత్తరంలో కెమెరా వివరాలు ఉన్నాయి, ఆ పెద్దాయన నేస్తున్నది ఏ చీరో లేదు. తొలిరోజు కెమెరాను సంచిలోంచి తీయకుండా కూర్చుని చూడండి. అది ఇక్కత్ అయితే బొమ్మ మగ్గం మీద పుట్టదు, అంతకు ఎంతో ముందే నూలు మీద పడుతుంది. నూలును ఆసు మీద, అంటే అర్ధచంద్రాకారంలో మేకులు కొట్టిన చట్రం మీద పోస్తారు, గుర్తులు పెట్టిన చోట సైకిల్ ట్యూబు నుంచి కోసిన రబ్బరు పట్టీలతో బిగించి చిటికి కడతారు, రంగులో ముంచుతారు, ఆరబెట్టి కట్లు విప్పుతారు, ఇంకో రంగు కావాలంటే ఇంకోచోట మళ్లీ కడతారు. ఈ వరుసలో ఎక్కువ పని చేసేది ఆడవాళ్లు, అది కూడా మగ్గం ఉన్న గదిలో కాకుండా వసారాలో, వంటింటి గడప దగ్గర జరుగుతుంది. మగ్గం మీద కూర్చున్న మగాయన ఒక్కడినే తీసుకుని వస్తే మీరు ఆ ఇంటి పనిలో సగం కూడా తీసినట్టు కాదు.

ఆసు గురించి ఒక మాట. చేత్తో ఆసు పోసేటప్పుడు ఒక్క చీరకు చేయి సుమారు 9000 సార్లు ముందుకూ వెనక్కూ కదలాలని చెబుతారు. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం గారు తన తల్లి లక్ష్మమ్మ భుజం నొప్పితో పడే బాధ చూడలేక, ఏళ్ల తరబడి తిప్పలు పడి 1999 నాటికి ఆసు యంత్రాన్ని తయారు చేశారు, 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఇప్పుడు అనేక ఇళ్లలో ఆ పని యంత్రమే చేస్తోంది. చేత్తో ఆసు పోసే దృశ్యం ఫోటోలో అందంగా ఉంటుందన్నది నిజమే, మేకుల చుట్టూ దారం అర్ధచంద్రాకారంలో పరుచుకుని ఉంటుంది, చేయి ఊగుతూ ఉంటుంది. కానీ ఆ అందం కోసం యంత్రాన్ని మూలకు నెట్టించి, చేత్తో చేసి చూపించమని ఇంటామెను అడగవద్దు. యంత్రం ముందు ఆమె తెగిన దారం ముడి వేస్తూ, ఒక కన్ను పొయ్యి మీద ఉన్న గిన్నె మీద పెట్టి నిలబడితే, అదే ఇప్పటి పని. దాన్నే తీయండి.

మగ్గం దగ్గరికి వద్దాం. కాలితో తొక్కుతాడు, తాడు లాగుతాడు, అడ్డపోగును మోసే నాడె ఇటునుంచి అటు పరుగెత్తుతుంది. మామూలు బట్టయితే వెంటనే చట్రాన్ని దగ్గరికి లాగి పేకను, అంటే ఆ అడ్డపోగును బిగించేస్తాడు. పేకకు చిటికి కట్టి రంగులద్దిన నూలైతే అలా కుదరదు. నాడె ఆగిన తర్వాత ఆయన కొద్దిగా ముందుకు వంగి, అంచు దగ్గర పేకను వేలితో ఇంత లాగి, ఎర్ర చుక్క కిందటి పోగులోని ఎర్ర చుక్క పక్కన సరిగ్గా కూర్చుందో లేదో చూస్తాడు, ఒక్కోసారి మధ్యలో కూడా గోటితో సవరిస్తాడు, ఆ తర్వాతే బిగిస్తాడు. ఆ సవరింపు దగ్గర చేయి నిలుస్తుంది, ఊపిరి కూడా నిలుస్తుందేమో అనిపిస్తుంది, కళ్లు వేలి కొన మీద ఉంటాయి. మీరు ఎదురు చూడాల్సింది ఆ క్షణం కోసం. అది చీర పొడవునా ప్రతి పోగుకూ వస్తుంది కాబట్టి ఒకటి పోయిందని కంగారు పడనక్కర్లేదు, పది పోగులు చూస్తే దాని లయ మీకు పట్టుబడుతుంది, అప్పుడు వేలు కదలకముందే మీ వేలు షట్టర్ మీద ఉంటుంది. ఆ లయ పట్టుబడే లోపు ఆయనకూ మీరు అక్కడ ఉన్నారన్న స్పృహ చాలావరకు పోతుంది, ఎందుకంటే చుక్క తప్పితే చీర పాడవుతుంది, మీకోసం ముఖం సర్దుకునే తీరిక ఆ పనిలో లేదు.

గుంట మగ్గం కాబట్టి నేతన్న నేల మట్టానికి కూర్చుంటాడు. మీరు నిలబడి తీస్తే నడినెత్తి, వంగిన వీపు తప్ప ఏమీ రాదు. కింద కూర్చుని, గోడకు ఆనుకుని, మోచేతులు మోకాళ్ల మీద మోపండి. ఈ భంగిమ మీకు ఇంకో విధంగా కూడా పనికొస్తుంది. అలాంటి గదిలో పగటిపూట కిటికీ వెలుతురుకు ఐఎస్ఓ 400 (వెలుతురును పట్టే వేగం) ఫిల్మ్ మీద, లెన్స్ రంధ్రాన్ని ఎఫ్ 2 దాకా తెరిస్తే, సెకనులో 30వ వంతు షట్టర్ వస్తుంది, కొంచెం అటూ ఇటూ. ఆ వేగంలో పరుగెత్తే నాడె చెదిరిపోయి గీతలా పడుతుంది, నిలిచిన వేళ్లు మాత్రం స్పష్టంగా వస్తాయి. ఒకే ఫ్రేములో పని వేగమూ, పనితనమూ రెండూ కనిపించడానికి ఇంతకంటే ఏం కావాలి? కాకపోతే మీ చేయి వణకకూడదు. ఎఫ్ 2 దగ్గర, మీటరున్నర దూరంలో 50 ఎంఎం లెన్స్‌కు స్పష్టంగా కనిపించే లోతు 10 సెంటీమీటర్లకు మించదు, కాబట్టి కళ్ల మీద ఫోకస్ చేయాలా, వేళ్ల మీద చేయాలా అన్నది ముందే తేల్చుకోండి. రెండూ కావాలంటే పక్కకు జరిగి, కళ్లూ వేళ్లూ కెమెరాకు ఇంచుమించు సమాన దూరంలో ఉండే చోటు వెతకండి. ఫ్లాష్ వద్దు. ఆ గదిలోని వెలుతురును అది చంపేస్తుంది, ఆయన పోగు లెక్కను చెడగొడుతుంది.

మీ చీకటి ఫ్రేముల కారణం ఉత్తరం చదివితేనే సగం తెలుస్తోంది, మిగతా సగం నెగెటివ్ చెబుతుంది. దాన్ని వెలుతురుకు ఎత్తి పట్టి, పెర్ఫొరేషన్ల (అంచు రంధ్రాల) పక్కన ముద్రించి ఉండే అంకెలనూ, ఫిల్మ్ పేరునూ చూడండి. అవి నల్లగా, చక్కగా ఉండి ఫ్రేములు మాత్రం పలచగా ఉంటే వెలుతురు తక్కువ పడిందని అర్థం, తప్పు తీసేటప్పుడే జరిగింది. ఆ అంకెలు కూడా వెలిసిపోయినట్టుంటే డెవలప్ చేయడంలో లోపం. అంకెలు బాగా ఉండి ఫ్రేములే లేకపోతే ఫిల్మ్ అసలు లోపల చుట్టుకోలేదు, ఈసారి ఫిల్మ్ ఎక్కించాక లీవర్ తిప్పేటప్పుడు ఎడమవైపు రివైండ్ గుండీ కూడా తిరుగుతోందో లేదో గమనించండి.

మీది మొదటి రకమేనని నా అంచనా. కెమెరాలోని మీటరు తాను చూసినదంతా మధ్యస్థమైన బూడిద రంగనుకుంటుంది. దాని ముందు తెల్లటి పడుగు (నిలువు పోగులు) పరిచి ఉంటే, లేదా నేతన్న వెనక కిటికీ ఉంటే, వెలుతురు ఎక్కువుందని పొరబడి తగ్గించమంటుంది, అప్పుడు ఆ ముఖం చీకట్లో కలిసిపోతుంది. చేతి మీటరు కొనే స్తోమత లేకపోతే మీ అరచేతిని నేతన్న ముఖం మీద పడే వెలుతురులోనే పెట్టి, కెమెరాను దానికి దగ్గరగా తెచ్చి కొలత చూడండి, ఆ వచ్చినదానికి ఒక స్టాప్ ఎక్కువ, అంటే రెట్టింపు వెలుతురు ఇవ్వండి. నెగెటివ్ ఫిల్మ్ కొంచెం ఎక్కువ వెలుతురును తట్టుకుంటుంది, తక్కువైతే మాత్రం నీడలో లేనిదాన్ని ఏ ప్రింటరూ తేలేడు. గది మరీ చీకటిగా ఉంటే హెచ్‌పీ5 లాంటి ఐఎస్ఓ 400 నలుపు తెలుపు ఫిల్మ్‌ను 1600గా లెక్కగట్టి తీసి, డెవలప్ చేసే సమయం పెంచవచ్చు. అప్పుడు ఎఫ్ 2.8, 60వ వంతు వరకు పోవచ్చు. కానీ నీడల్లో వివరం పోతుంది, తెలుపు నలుపుల తేడా పెరుగుతుంది, అలాగే రోల్ మొత్తం అదే లెక్కలో తీయాలి.

మన ఎండల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే పుస్తకాలన్నీ 20 డిగ్రీల నీళ్లు కుళాయిలో వస్తాయన్నట్టు రాసి ఉంటాయి. ఏప్రిల్, మే నెలల్లో నల్లగొండలో ట్యాంకు నీళ్లు ముట్టుకుంటే చేయి కాలుతుంది. హెచ్‌పీ5ను డీ-76 అనే డెవలపర్‌లో, దాన్ని పలచన చేయకుండా, 20 డిగ్రీల దగ్గర ఏడున్నర నిమిషాలు డెవలప్ చేస్తారు. 24 డిగ్రీల దగ్గర అది ఐదు నిమిషాల పైచిలుకుకు తగ్గుతుంది, అంతకంటే వేడెక్కితే సమయం మరీ కుదించుకుపోయి ఫ్రేములో ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ పడుతుంది. ఒక టబ్బులో నీళ్లు పోసి, ఐసు గడ్డకట్టించిన సీసాలు రెండు వేసి, డెవలపర్, ఫిక్సర్, కడగడానికి పట్టిన నీళ్లు అన్నీ ఆ టబ్బులోనే నిలిపి ఒకే వేడికి తెచ్చుకోండి. చల్లటి డెవలపర్‌లోంచి తీసి వేడి నీళ్లలో కడిగితే ఫిల్మ్ మీది పొర ముడతలు పడే ప్రమాదం ఉంది. తీయని రోళ్లనూ, తీసిన రోళ్లనూ బండి డిక్కీలో మాత్రం పెట్టకండి.

గౌడన్న విషయంలో మీ స్నేహితుడు చెప్పిందే సరైనది, ఇందులో రెండో మాటకు చోటు లేదు. మోకు, ముత్తాదు వంటి చెట్టెక్కే సరంజామా మీద బరువు వేసి తాటి చెట్టు ఎక్కడం ఎంత ప్రమాదమో మన జిల్లాల్లో ఎవరికీ వేరే చెప్పక్కర్లేదు, చెట్టు మీంచి జారి పడి నడుములు విరిగిన వాళ్లు, ప్రాణాలు పోయిన వాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు. 2024లో రాష్ట్ర ప్రభుత్వం కాటమయ్య రక్ష పేరుతో రక్షణ కిట్లు పంచడం మొదలుపెట్టింది కూడా అందుకే. కల్లు లేని చెట్టును ఫోటో కోసం ఎక్కించడమంటే ఆ మనిషి ప్రాణాన్ని మీ మార్కుల కోసం పైకి పంపడమే. ఎలాగూ ఆయన మళ్లీ ఎక్కుతాడు, తన పనికోసం, తన వేళకు. ఆ వేళ కనుక్కుని ముందే వెళ్లి నిలబడండి. ఆయన పైన ఉన్నప్పుడు కింది నుంచి పిలవకండి, ఇటు చూడమనకండి. నిజానికి చెట్టు మీది ఫోటో కంటే, ఎక్కబోయే ముందు ఆయన మోకును చేత్తో తడిమి చూసుకోవడం, గీత కత్తిని రాయి మీద నూరుకోవడం, నాకు ఎక్కువ చెబుతాయి. అవి నేల మీదే, తీరికగా, మంచి వెలుతురులో జరుగుతాయి.

నాట్ల కాలంలో సాగర్ ఎడమ కాలువ కిందికి, మిర్యాలగూడ వైపు పోతే, అక్కడ పొలం గట్టు మీద నిలబడగానే చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. నాటేవాళ్లు వెనక్కి వెనక్కి జరుగుతూ నాటుతారు. మీరు వాళ్లు జరుగుతున్న వైపు గట్టు మీద నిలబడితే చీర ఎగదోపుకుని వంగిన ఆడవాళ్ల వెనకభాగాలు తప్ప ఇంకేమీ కనిపించవు, అలాంటి ఫోటో తీసి చూపించడం వాళ్లను అవమానించడమే. నాటిన వైపు గట్టుకు రండి, అక్కడి నుంచి ముఖాలూ, చేతులూ, చేతిలోని నారూ, వాళ్ల ముందు వరుసలు కట్టిన కొత్త పైరూ కనిపిస్తాయి. అడగడం కూడా గుంపులో పెద్దామెను అడగాలి, పొలం ఆసామిని కాదు. ఆమె వద్దంటే ఆ రోజుకు పొలాన్ని మాత్రమే తీసుకుని వచ్చేయండి.

యజమాని ఉన్న ప్రతిచోటా ఇదే సంగతి. రైస్ మిల్లులోకి పోవాలంటే యజమాని అనుమతి ఉండాలి, అది గేటు దాటడానికి మాత్రమే పనికొస్తుంది, బస్తా మోసే హమాలీ ఒప్పుకున్నట్టు కాదు. ఇటుక బట్టీల దగ్గర ఈ తేడా మరీ ముఖ్యం. అడ్వాన్సు తీసుకుని, ఊరుగాని ఊరు వచ్చి, కుటుంబంతో సహా పని చేస్తున్న మనిషి సేటు పక్కన నిలబడి ఉండగా ఫోటో వద్దని చెప్పలేడు. పాలమూరు నుంచి దశాబ్దాల పాటు వలస పోయిన వాళ్ల బంధువులు మన మధ్యే ఉన్నారు, పరాయి చోట పనిలో ఉన్నప్పుడు కెమెరా ఎత్తిన మనిషిని చూస్తే ఏమనిపిస్తుందో వాళ్లను అడగండి, నాకంటే బాగా చెబుతారు. సేటు లేని సమయంలో, పని ఆగాక, విడిగా అడిగితే వచ్చిన జవాబే జవాబు. అక్కడ పిల్లలు పని చేస్తూ కనిపిస్తే దాన్ని మీ సెమిస్టర్ ప్రాజెక్టులో కలపకండి, 1098కి ఫోన్ చేయండి.

అనుమతి ముందా, తర్వాతా అన్న ప్రశ్నకు జవాబు ఇప్పటికే చాలావరకు వచ్చేసింది. ఇంట్లో, పొలంలో, మిల్లులో ముందే అడగాలి. సంతలో, బస్టాండులో పది మందిని కలిపి దూరం నుంచి తీస్తే ఒక్కొక్కరినీ అడగలేరు, కానీ ఒక మనిషి ముఖమే ఫోటో అవుతున్నప్పుడు తీసిన వెంటనే అయినా దగ్గరికి పోయి చెప్పాలి. పొద్దున్నే లేబర్ అడ్డాలో పనికోసం నిలబడ్డ వాళ్లను మాత్రం అడగకుండా తీయవద్దు. ఆ రోజు పని దొరకని మనిషికి ఆ ఫోటో ఎలా అనిపిస్తుందో ఊహించుకోవడం కష్టం కాదు.

ఫిల్మ్ కెమెరాకు వెనక తెర ఉండదు కాబట్టి “ఏదీ చూపియ్” అన్న పిల్లలకూ పెద్దలకూ చూపడానికి మీ దగ్గర ఏమీ ఉండదు. దానికి ఉపాయంగా మీ పాత రోల్ కాంటాక్ట్ షీట్ ఒకటి సంచిలో పెట్టుకోండి. ఆరేసి ఫ్రేముల చొప్పున ఆరు వరుసల్లో అంతా ఒక్క కాగితం మీద కనిపిస్తే, మీరు ఎలాంటి ఫోటోలు తీస్తారో, ఎంతసేపు ఒకరి దగ్గర ఉంటారో మాటలక్కర్లేకుండా వాళ్లకే తెలుస్తుంది. నేతన్నలు ఆ వరుసలను చాలా శ్రద్ధగా చూస్తారు, ఎక్కడ తప్పిపోయిందో కూడా చెబుతారు.

వివరాలు రాసుకోవడం మరవకండి. 1908 నుంచి అమెరికాలో మిల్లుల్లో, గనుల్లో పని చేసే పిల్లలను ఫోటోలు తీసిన లూయిస్ హైన్, పిల్లల పేరు, వయసు, పని రహస్యంగా జేబులోని కాగితం మీద రాసుకునేవాడు, వాళ్ల ఎత్తును తన కోటు గుండీలతో పోల్చి గుర్తుపెట్టుకునేవాడు. ఆ వివరాలు లేకపోతే బాలకార్మిక వ్యవస్థ మీద జరిగిన పోరాటంలో ఆ ఫోటోలకు అంత బలం ఉండేది కాదు. మీకు దాపరికం అవసరం లేదు, ఎదురుగా కూర్చునే అడగవచ్చు: ఏ చీర, ఎన్ని రోజుల పని, చిటికి ఎవరు కట్టారు, రంగు ఎక్కడ వేశారు. పేరును ప్రింటు కింద వేయాలా వద్దా అన్నది మాత్రం వాళ్లు చెప్పినట్టు చేయండి.

డిజిటల్‌కు మారాలా అన్నారు. మీ దగ్గర డిజిటల్ కెమెరా ఉంటే అనుమతి, వరుస, వెలుతురు, అన్నీ ఇలాగే ఉంటాయి, ఫోటో తక్కువైపోదు. అయినా ఈ సెమిస్టర్‌కు ఫిల్మ్‌తోనే పూర్తి చేయమంటాను, ఒక్క కారణంగా. ఫిల్మ్ మీద తీసినది అక్కడికక్కడ చూపించలేరు కాబట్టి, ఇచ్చిన మాట ప్రకారం ప్రింటు పట్టుకుని మళ్లీ ఆ ఊరికి పోక తప్పదు. ఫోన్‌కు పంపేస్తాను అనే దారి మీకు లేదు. ఆ రెండోసారి వెళ్లినప్పుడు మీరు కెమెరా పట్టుకొచ్చిన కుర్రాడు కాదు, ఫోటో తెచ్చిచ్చిన కుర్రాడు, మీకు కావాల్సిన ఫ్రేములు ఎక్కువగా ఆ రోజే దొరుకుతాయి. అందుకే మీ సమర్పణ తేదీని వెనక నుంచి లెక్కబెట్టి, మొదటి రోల్ డెవలప్ చేసి ప్రింటు వేసి ఇచ్చి రావడానికి చాలినన్ని రోజులు మిగిలేలా తొలి ప్రయాణం పెట్టుకోండి.

ఖర్చు తగ్గించుకోవడానికి, మీ తరగతిలో ఫిల్మ్ వాడే నలుగురు కలిసి 100 అడుగుల పెద్ద చుట్ట కొనండి. దాని నుంచి 36 ఫ్రేముల రోళ్లు సుమారు 18 వస్తాయి, విడిగా కొన్నదానికంటే చవక పడుతుంది. చీకట్లో చుట్టి ఎక్కించే డబ్బా ఒకటి కావాలి, అది మీ కాలేజీ డార్క్‌రూములో ఉంటుందేమో అడగండి. చుట్టిన ప్రతి రోల్ మీదా ఐఎస్ఓ ఎంత లెక్కగట్టి తీశారో, ఏ ఊరో, ఏ ఇల్లో తీసిన రోజే పెన్నుతో రాసుకోండి.